ఆల్బం ఇచ్చాక రా ఫైళ్లు ఏమవుతున్నాయి?

పెండ్లి ఆల్బం ఇంటికి చేరి, మిగిలిన బాకీ చేతికొచ్చిన వారం పది రోజులకు మా వృత్తిలో చాలామంది చేసే పని ఒకటుంది. హార్డ్ డిస్క్ ఖాళీ చేయడం. వచ్చే ముహూర్తాలకు జాగా కావాలి కదా. అప్పుడు మొదట పోయేవి రా ఫైళ్లే. ఆల్బంలోకి ఎక్కిన జేపెగ్‌లు ఉంటాయి, డిజైన్ చేసిన పీఎస్‌డీలు ఉంటాయి, పాటలు పెట్టి మిక్సింగ్ చేసిన వీడియో ఉంటుంది. కెమెరా అసలు చూసిందేమిటో అది మాత్రం రీసైకిల్ బిన్‌లో నుంచి కూడా వెళ్లిపోతుంది. వరంగల్, హన్మకొండ, కాజీపేట, మూడు చోట్లా ఇదే వాడుక.

ఎందుకు తీసేస్తున్నావు తమ్ముడూ అని అడిగితే రెండు జవాబులు వస్తాయి. ఒకటి, జాగా లేదని. రెండోది, "మన సిస్టంల ఉన్న సాఫ్ట్‌వేర్ పాతది అన్నా, రా ఓపెన్ కాదు. కొత్తది కావాల్నంటే నెలనెలా కట్టాలె. గవి దాచి ఏం జేసుకుంట?" అని. మొదటి జవాబులో కొంత నిజముంది. రెండోది పొరపాటు. ఆ పొరపాటు వల్ల మన జిల్లా జ్ఞాపకాలు పోతున్నాయన్న బాధతోనే ఇది రాస్తున్నాను.

మా స్టూడియో హన్మకొండలో ఉంది. నాకంటే ముందు మా నాయిన నడిపారు. ఆయన చేతిలో యాషికా కెమెరా, అందులో 120 రోలు. రోలుకు 12 బొమ్మలు. ఎర్రబల్బు గదిలో డెవలపర్ ట్రే, హైపో ట్రే, ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు పేపరు. ప్రింట్లు ఇచ్చేసేవారు గానీ నెగెటివ్‌ను మాత్రం కవర్లో పెట్టి, మీద ఇంటిపేరు, ఊరు, తేదీ రాసి ఇనుప బీరువాలో దాచేవారు. ఇప్పటికీ నెక్కొండ నుంచో పరకాల నుంచో ఎవరో ఒకరు వస్తుంటారు. "మా తాత పెండ్లి ఫొటో మీ స్టూడియోలనే తీసిండ్రట, దొరుకుతదా సార్?" అంటారు. కవరు వెతికి, నెగెటివ్ స్కాన్ చేసి, పెద్ద సైజు ప్రింటు చేతిలో పెడితే ఆ మనిషి చాలాసేపు మాట్లాడడు. 2015లో పెండ్లి చేసుకున్న జంట మనవడు ఏ 2060లోనో ఇలాగే వస్తే, ఆనాటి ఫొటోగ్రాఫర్ కొడుకు ఏం తీసి ఇస్తాడు?

నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 1989లో ఆయన కుటుంబం దగ్గర కొన్నారు. నూరేళ్లు దాటిన గాజు పలకను కిటికీ వెలుతురుకు అడ్డం పెడితే బొమ్మ కనబడుతుంది. అందుకు ఏ యంత్రమూ అక్కర్లేదు, ఏ కంపెనీకీ చందా కట్టనక్కర్లేదు. రా ఫైలుకు ఆ సౌలభ్యం లేదు. దాన్ని చదవగల సాఫ్ట్‌వేర్ ఒకటి బతికి ఉండాలి. అందుకే పాత సాఫ్ట్‌వేర్ గురించి ఇంత పట్టుదలగా మాట్లాడుతున్నాను.

ఫొటోగ్రఫీతో పని లేని పాఠకులకు రా ఫైలు ఏమిటో చెప్పాలి. కెమెరా సెన్సర్ మీద లక్షల కొద్దీ గళ్లుంటాయి. ఏ గడికీ రంగు తెలియదు, తన మీద ఎంత వెలుతురు పడిందో అదొక్కటే తెలుసు. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ ఆ గళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు పరిచే అమరిక కనిపెట్టాడు. 1976లో దానికి పేటెంటు వచ్చింది. గళ్లలో సగం ఆకుపచ్చవి, పావు వంతు ఎర్రవి, పావు వంతు నీలంవి. ఒక్కో గడికి ఒక్క రంగు లెక్కే దొరుకుతుంది. మిగతా రెండు రంగులూ చుట్టుపక్కల గళ్లను చూసి లెక్కగట్టాలి. ఆ లెక్కలేవీ కట్టకముందు, పడిన వెలుతురును పడినట్టే రాసిపెట్టిన అంకెలు రా ఫైలులో ఉంటాయి. జేపెగ్ అయితే ఆ లెక్కలన్నీ కెమెరాయే అక్కడికక్కడ కట్టేసి, రంగు ఇంత, నలుపు ఇంత అని తీర్పు చెప్పేసి, మిగిలినదాన్ని పారేసి ఇచ్చిన బొమ్మ. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు. పాత డిజిటల్ కెమెరాల 12 బిట్ల రా ఫైలులో 4,096 మెట్లు. ఇప్పటి 14 బిట్ల కెమెరాల్లో 16,384.

ఈ అంకెలు పెండ్లి మంటపంలో ఏం పనికొస్తాయో మా తోటివాళ్లకు బాగా తెలుసు. ముఖాన పసుపు, పట్టుచీర ఎరుపు, వీడియో వాళ్ల ఫోకస్ లైటు పసుపు, వెనక డెకరేషన్ వాళ్లు పెట్టిన ఎల్‌ఈడీ ఊదారంగు. తలంబ్రాల వేళ ఇవన్నీ కలిసి పెండ్లికూతురి ముఖం మీద పడతాయి. జేపెగ్‌లో కెమెరా ఏదో ఒక వైట్ బ్యాలెన్స్ ఖాయం చేసేసి ఉంటుంది. తర్వాత సరిచేయబోతే ముఖం బూడిదరంగుకు తిరుగుతుంది. రా ఫైలులో వైట్ బ్యాలెన్స్ ఇంకా ఖాయం కాలేదు, మన చేతిలోనే ఉంది. పదేళ్ల తర్వాతైనా మార్చుకోవచ్చు.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజనులో వెళ్లి చూడండి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చి రాశులుగా పోసి ఉంటుంది. అంత ఎరుపు ఫొటోలో పట్టడం కష్టం. జేపెగ్‌లో తీస్తే కాయకూ కాయకూ తేడా తెలియని ఎర్రముద్ద వస్తుంది, కాయల ముడతలు, తొడిమ దగ్గర నీడ అన్నీ పోతాయి. చిత్రమేమిటంటే చాలాసార్లు సెన్సర్‌లో ఎరుపు హద్దు దాటి ఉండదు. జేపెగ్ చేసేటప్పుడు కెమెరా లెక్కల్లోనే అది దాటుతుంది. రా ఫైలు తెరిచి, లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌లోనే ఎరుపు వెలుగును కాస్త దించి, సాచురేషన్ తగ్గిస్తే ముడతలు తిరిగి కనబడతాయి. దీనికి ఈ ఏడాది వచ్చిన సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. బతుకమ్మ పేర్చిన తంగేడు పసుపుకూ ఇదే సూత్రం.

నా బల్లమీద ఏముందో చెబుతాను. ఒక పాత కంప్యూటర్, అందులో విండోస్ 7. దానికి నెట్ వైరు పెట్టను. అందులో ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కున్న లైట్‌రూమ్ 6 ఉంది. పక్కనే అంతకంటే పాత సిస్టంలో ఫొటోషాప్ 7, అను ఫాంట్లు. ఆల్బం మొదటి పేజీ మీద వధూవరుల పేర్లు తెలుగులో అందంగా కూర్చడానికి ఆ జోడీ నా చేతికి అలవాటు. మూడోది కొంచెం కొత్త కంప్యూటర్. కొత్త కెమెరా ఫైళ్లు ముందు అందులోకి వెళతాయి. అడోబ్ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్ వాటిని డీఎన్‌జీ ఫైళ్లుగా మారుస్తుంది. ఏ పాత వెర్షన్‌కు సరిపోయేలా మార్చాలో అందులోనే ఎంచుకోవచ్చు. ఆ డీఎన్‌జీలను పాత కంప్యూటర్ ఇబ్బంది లేకుండా తెరుస్తుంది. "రా ఓపెన్ కాదు" అనే తమ్ముళ్లకు నా మొదటి జవాబు ఇదే. మధ్యలో ఒక్క మెట్టు వేస్తే ఓపెన్ అవుతుంది. కన్వర్టర్ కొత్త వెర్షన్లకు కొత్త విండోస్ కావాలి కాబట్టి ఆ ఒక్క మెట్టుకు ఒక్క కొత్త సిస్టం ఉంటే చాలు. ఇద్దరు ముగ్గురు స్టూడియోల వాళ్లు కలిసి ఒకటి పెట్టుకున్నా సరిపోతుంది.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఫొటోషాప్ 7 వచ్చింది 2002లో. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో రా ఫైళ్లు తెరిచే కెమెరా రా అనే ప్లగిన్‌ను అడోబ్ విడిగా అమ్మింది. దాన్ని రాసింది ఫొటోషాప్ సృష్టికర్తల్లో ఒకరైన థామస్ నోల్. 2007లో లైట్‌రూమ్ వచ్చింది. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ కొనడమంటే కొనడమే. పెట్టె తెచ్చుకుంటే అది మనది. 2012లో వచ్చిన సీఎస్6 అలా కొనుక్కోగలిగిన చివరి ఫొటోషాప్. 2013 మే నెలలో, ఇకనుంచి ఫొటోషాప్ కొత్త వెర్షన్లన్నీ చందా మీదనే అని కంపెనీ ప్రకటించింది. 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6కు 2017 డిసెంబరు తర్వాత కొత్త కెమెరాల మద్దతు ఆగిపోయింది. ఆ మరుసటి ఏడాదే కెనాన్ తన రా ఫైలు రూపాన్ని సీఆర్2 నుంచి సీఆర్3కి మార్చింది. కెమెరా కొత్తది కొన్నవాడికి పాత సాఫ్ట్‌వేర్ ఒక్కసారిగా మూగబోయినట్టు అనిపించింది అందుకే. పాత సాఫ్ట్‌వేర్ పనిచేయడం మానలేదు. పాత ఫైళ్లను నిన్నటిలాగే తెరుస్తోంది. కొత్త కెమెరా భాష దానికి ఎవరూ నేర్పలేదు, అంతే.

చందా పద్ధతిని నేను పాపమని అనను. ఏడాది పొడవునా పని ఉండే హైదరాబాద్ స్టూడియోకు అది గిట్టుబాటు కావచ్చు. మా దగ్గర పని ముహూర్తాల మీద నడుస్తుంది. ఆషాఢంలో, శూన్యమాసంలో, మూఢాల్లో షట్టర్ తీసి కూర్చుంటే పాస్‌పోర్టు ఫొటోలు, ఆధార్ జిరాక్సులు తప్ప వచ్చేదేమీ ఉండదు. ఆ నెలల్లో కూడా కట్టాల్సిన కిస్తీ చిన్నదైనా బరువే. కట్టడం ఆపిన రోజున ఎడిట్ చేసే వీలు ఆగిపోతుంది. నా పనిముట్టు నా చేతిలో ఉండాలి. పని లేని నెలలో అది బీరువాలో ఊరికే ఉండగలగాలి.

ఆ కిస్తీ భారం తప్పించుకోవడానికి మన ఊళ్లలో ఎంచుకున్న దారి క్రాక్ వెర్షన్. దీన్ని నేను సమర్థించను. మన ఫొటో కింద మన పేరు తీసేసి ఎవరైనా వాడుకుంటే కొట్లాటకు పోతాం. ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్‌ను మాత్రం పెన్ డ్రైవ్‌లో చేతులు మార్చుకుంటాం. క్రాక్‌తో పాటు వచ్చే వైరస్ పెండ్లి ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బులడిగిన సంగతులు మా వృత్తిలో అందరూ విన్నవే. పైగా ఇప్పుడు ఆ అవసరం కూడా లేదు. డార్క్‌టేబుల్, రా థెరపీ రెండూ ఉచితం, సోర్సు కోడ్ అందరికీ తెరిచి ఉంది. కెనాన్ వాడేవాళ్లకు డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, నికాన్ వాడేవాళ్లకు ఎన్ఎక్స్ స్టూడియో ఆ కంపెనీలే ఉచితంగా ఇస్తున్నాయి. మొదటి వారం చికాకు పెడతాయి, బటన్లు వేరే చోట ఉంటాయి. తర్వాత చేతికి అలవాటవుతాయి.

ఉచిత సాఫ్ట్‌వేర్ అంటే చులకనగా చూసేవాళ్లకు డేవ్ కాఫిన్ అనే అమెరికన్ గురించి చెబుతుంటాను. 1997లో ఆయన డీసీరా అనే చిన్న ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. ఏ కంపెనీ కెమెరా అయినా సరే, దాని రా ఫైలును ఎవరైనా, ఏ కంప్యూటర్ మీదైనా చదవగలగాలన్నది ఆయన సంకల్పం. కంపెనీలు తమ ఫైళ్ల గుట్టు చెప్పకపోయినా, ఒక్కో కెమెరా ఫైలును విప్పి చూసుకుంటూ వందల కెమెరాలకు మద్దతు చేర్చాడు. 2018 దాకా దాన్ని సరిచేస్తూ వచ్చాడు. ఎన్నో ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఆ కోడ్ మీదే నిలబడ్డాయి. ఇప్పుడు లిబ్‌రా అనే ప్రాజెక్టు ఆ పని ముందుకు తీసుకుపోతోంది. 2005లో నికాన్ డీ2ఎక్స్ కెమెరా వైట్ బ్యాలెన్స్ అంకెలను గుప్తలిపిలో రాస్తోందని గొడవైనప్పుడు ఆ తాళం విప్పినవాళ్లలో ఆయనా ఉన్నాడు. మనం తీసిన ఫొటోలోని రంగు లెక్క మనకే అందకుండా తాళం వేయడమేమిటని అప్పుడు ఫొటోగ్రాఫర్లు అడిగారు. ఆ ప్రశ్న ఇప్పటికీ న్యాయమైనదే. అడోబ్ 2004 సెప్టెంబరులో ప్రకటించిన డీఎన్‌జీకి నేను మొగ్గు చూపడానికి కారణం కూడా అదే. దాని రూపురేఖలు బహిరంగంగా ప్రచురించారు. ఆ కంపెనీ రేపు లేకపోయినా ఎవరో ఒకరు చదవగలుగుతారు.

ఇక వేయిస్తంభాల గుడి సంగతి. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడిలో ప్రధానాలయానికి ఎదురుగా నంది, నందికి అవతల కల్యాణ మండపం. పునాది కుంగిందని 2005-06 ప్రాంతంలో పురావస్తు శాఖ మండపాన్ని రాయి రాయిగా విప్పింది. మళ్లీ నిలబెట్టి తెరిచింది 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు. ఆ మధ్యకాలంలో హన్మకొండలో పుట్టి పెరిగిన పిల్లలకు కల్యాణ మండపమంటే ఆవరణలో పేర్చిన రాళ్లే. విప్పుతారని విన్న రోజుల్లో నేను నికాన్ డీ70 పట్టుకుని వెళ్లి తీసుకున్న ఫొటోలున్నాయి. ఆరు మెగాపిక్సెళ్ల కెమెరా. ఈ రోజుల్లో సెల్‌ఫోన్ ముందు అదెంత అనిపిస్తుంది. కానీ రాలో తీశాను, ఆ ఫైళ్లు ఉంచాను.

ఆ రోజు చేసిన ప్రింట్లలో స్తంభాలు నల్లగా ముద్దకట్టి ఉన్నాయి. మన కాకతీయుల నల్లరాయి సంగతి తెలిసిందే. నున్నగా మెరిసేలా చెక్కిన రాయి, నీడలో ఉంటే వెలుతురునంతా మింగేస్తుంది. బయట ఎండ తెల్లగా విరగకాస్తుంది. ఎండకు కెమెరా సరిచేస్తే స్తంభం కనబడదు, స్తంభానికి సరిచేస్తే ఆకాశం కాలిపోతుంది. 2005 నాటి సాఫ్ట్‌వేర్ నీడను లేపితే ఎర్రటి, నీలి చుక్కల నాయిస్ పొంగేది. అవే ఫైళ్లను ఏళ్ల తర్వాత లైట్‌రూమ్ 6లో తెరిచాను. అడోబ్ వాళ్లు రా ఫైళ్లను కడిగే పద్ధతిని 2003 తర్వాత 2010లో ఒకసారి, 2012లో మరోసారి మార్చారు. ఆ 2012 పద్ధతిలో నీడలు లేపితే స్తంభం నడుముకు చెక్కిన సన్నటి పట్టీలు, వాటి మధ్య పూసల వరస, రాయి మీద పగులు, అతుకు దగ్గర సందు, అన్నీ బయటికొచ్చాయి. ఫైలు అదే, కెమెరా అదే. సాఫ్ట్‌వేర్ కూడా ఇవాళ్టి లెక్కలో పాతదే. జేపెగ్ మాత్రమే ఉంచుకుని ఉంటే అక్కడ నలుపు తప్ప ఏమీ ఉండేది కాదు. ఎంత లేపినా నలుపు బూడిదరంగవుతుందే తప్ప పూసల వరస రాదు.

కొత్త మండపాన్ని పాత మండపంతో పోల్చి చూడాలనుకునే విద్యార్థికి, ఏ రాయి మారింది, ఏ రాయి అదే అని తెలుసుకోవాలనుకునే పరిశోధకుడికి ఇలాంటి ఫైళ్లు ఆధారం. నా దగ్గరున్నవి కొన్నే. ఆ రోజుల్లో ఊళ్లో డిజిటల్ కెమెరా ఉన్న మరెందరో తీసే ఉంటారు. వాళ్లలో ఎందరి దగ్గర అసలు ఫైళ్లు మిగిలాయో అడుగుతుంటే నాకు వచ్చే జవాబు ఎక్కువసార్లు ఒకటే. సీడీ చదవడం లేదనో, ఫార్మాట్ కొట్టామనో.

కొత్త సాఫ్ట్‌వేర్ పక్షాన చెప్పాల్సింది ఉంది. నాయిస్ తగ్గించడంలో కృత్రిమ మేధ చేస్తున్న పని చూస్తే నాకే ఆశ్చర్యమేస్తుంది. మేడారంలో అర్ధరాత్రి గద్దెల దగ్గర తీసిన ఫొటో పగటి ఫొటోలా శుభ్రంగా వస్తోంది. ముఖాన్ని, ఆకాశాన్ని, బట్టను అదే గుర్తుపట్టి విడివిడిగా సరిచేస్తోంది. ఒక్క పెండ్లికి వేల ఫొటోలు తీసే కుర్రాళ్లకు అది రాత్రి నిద్ర మిగిలిస్తుంది. వాళ్లు వాడుకోవడంలో తప్పు లేదు.

శిల్పం దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. రామప్పలో 1213 నాటి మదనికల ముఖాలు తీసిన చీకటి ఫొటోను ఇలాంటి పనిముట్టుకు ఇస్తే, చుక్కలు తుడుస్తూ తుడుస్తూ అరిగిపోయిన కనుబొమ్మ దగ్గర ఒక గీత గీసి ఇవ్వగలదు. ముక్కు పక్కన విరిగిన చోటు నున్నగా పూడ్చేయగలదు. చూడటానికి బాగుంటుంది. ఆ గీత శిల్పి ఉలి గీసింది కాదు, వేల బొమ్మలు చూసి నేర్చుకున్న యంత్రం ఊహ. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడికి ఫొటో తీసేవాడు ఆ ఊహను ఆధారంగా చూపకూడదు. పాత సాఫ్ట్‌వేర్‌కు ఊహించడం రాదు. ఎక్స్‌పోజర్ లేపమంటే లేపుతుంది, నాయిస్ ఉంటే ఉన్నట్టే చూపిస్తుంది. వారసత్వ కట్టడాల ఫొటోలకు నాకు ఆ నిజాయితీయే కావాలి. ఎలాగూ అసలు రా ఫైలు ఉంటే ఎవరైనా సరిపోల్చుకోవచ్చు. అది లేకపోతే యంత్రం గీసిన గీతే రేపటికి చరిత్ర అవుతుంది.

పాత సాఫ్ట్‌వేర్ మీద పూర్తిగా భారం వేయమని కూడా నేను చెప్పడం లేదు. దానికీ ఆయువుంటుంది. గూగుల్ పికాసాను 2016లో ఆపేసింది. ఆపిల్ 2005లో తెచ్చిన అపర్చర్‌ను 2014లో వదిలేస్తున్నట్టు చెప్పింది, 2019 తర్వాతి మాక్ కంప్యూటర్లలో అది తెరుచుకోదు. అందులో ఏళ్ల తరబడి ఎడిట్ చేసినవాళ్లకు రా ఫైళ్లు మిగిలాయి గానీ వాటి మీద చేసిన సవరణలు చిక్కుపడ్డాయి. ఎందుకంటే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లేవీ రా ఫైలును తాకవు. మనం జరిపిన ప్రతి స్లైడర్‌నూ విడిగా రాసుకుంటాయి. అది తన సొంత డేటాబేస్‌లోనే ఉంటే ఆ సాఫ్ట్‌వేర్‌తోనే పోతుంది. అందుకే సవరణలను ఎక్స్‌ఎంపీ ఫైలుగా పక్కన రాయించడం, ముఖ్యమైన ఫొటోలకు పూర్తి సైజు టిఫ్ తీసి పెట్టుకోవడం నా అలవాటు. నా లైట్‌రూమ్ 6 ఉన్న కంప్యూటర్ కాలిపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఇంకోదాంట్లో మళ్లీ యాక్టివేట్ అవుతుందన్న భరోసా లేదు. ఆ రోజుకు డార్క్‌టేబుల్ ఇప్పటికే నేర్చుకుని ఉంచాను.

జాగా మాట చెప్పాలి. అందులో కొంత నిజముందని పైన అన్నాను. రా ఫైలు జేపెగ్ కంటే చాలా రెట్లు పెద్దది. అన్నీ ఉంచమని నేనూ అనను. కళ్లు మూసుకున్నవి, ఫ్లాష్ పడనివి, ఒకే పోజులో పది తీసినవాటిలో తొమ్మిది, తీసేయండి. ఆల్బంలోకి వెళ్లినవాటి రా ఫైళ్లు, ఇంటి పెద్దవాళ్లవి, ఊరిని, గుడిని, పనిని చూపేవి ఉంచండి. అలా ఏరితే ఒక పెండ్లికి మిగిలేది కొద్ది జీబీలే. ఒక కాపీ స్టూడియోలో, ఇంకో కాపీ వేరే ఇంట్లో. వేరే ఇల్లని ఎందుకంటున్నానో 2023 జూలై చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. హంటర్ రోడ్డు, నయీంనగర్ ప్రాంతాలు నీళ్లలో మునిగినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్‌లోని సీపీయూలు, హార్డ్ డిస్కులు ఎన్ని బురదలో తేలాయో. మిత్రుడొకరు ఏళ్ల పనిని ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నారు. రెండు కాపీలూ ఒకే బల్ల సొరుగులో ఉన్నాయి.

వరంగల్ బిడ్డ, ఫొటో జర్నలిస్టు భరత్ భూషణ్ 2022 జనవరిలో కన్నుమూశారు. తెలంగాణ పల్లె బతుకును, బతుకమ్మను ఆయన కెమెరాతో చూసిన తీరు నా తరం ఫొటోగ్రాఫర్లకు పాఠం. అటువంటి మనిషి వెనకాల మిగిలేది ప్రదర్శనల్లో వేలాడిన ప్రింట్లే కాదు, వాటి నెగెటివ్‌లు కూడా. రేపటి భరత్ భూషణ్ ఈ రోజు ఏ కొత్తవాడలోనో జంపఖానా మగ్గం ముందు డిజిటల్ కెమెరా పట్టుకుని నిలబడి ఉండొచ్చు. వాడికి నెగెటివ్ అంటే రా ఫైలే. దాన్ని దాచే బీరువా మన జిల్లాలో ఎక్కడుంది? కాకతీయ యూనివర్సిటీలో గానీ, వారసత్వ తెలంగాణ శాఖలో గానీ, జిల్లా గ్రంథాలయంలో గానీ ఒక సర్వర్ పెట్టి, స్థానిక ఫొటోగ్రాఫర్ల దగ్గర ఎంపిక చేసిన రా ఫైళ్లు డీఎన్‌జీ రూపంలో, తేదీ, చోటు, తీసినవారి పేరుతో సహా తీసుకోవాలి. హక్కులు తీసినవారికే ఉండాలి. ప్రభుత్వం గుళ్లకూ జాతరలకూ ఫొటోగ్రాఫర్లను పెట్టుకునేటప్పుడు టెండరు కాగితంలో పెన్ డ్రైవ్‌లో జేపెగ్‌లు అని రాస్తున్న చోట రా ఫైళ్లు అని కూడా రాయాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

స్టూడియో తమ్ముళ్లకు ఒక మాట. మీ సాఫ్ట్‌వేర్ పాతదని ఎవరి ముందూ తలదించుకోవద్దు. కస్టమర్‌కు కావాల్సింది వాళ్ల అమ్మ ముఖంలో రంగు సరిగ్గా ఉండటం. అది లైట్‌రూమ్ 6లోనూ వస్తుంది, రా థెరపీలోనూ వస్తుంది. కావాల్సింది కన్ను, ఓపిక, అసలు ఫైలు. మొదటి రెండూ మీ దగ్గర ఉన్నాయి. మూడోదాన్ని డిలీట్ కొట్టకండి.

పెండ్లి కుదిరిన ఇళ్లవాళ్లకు ఇంకో మాట. ఫొటోగ్రాఫర్‌తో మాట్లాడుకునేటప్పుడు డ్రోన్ ఉందా, ఆల్బం ఎన్ని షీట్లు, ప్రీ వెడ్డింగ్ ఎక్కడ అని అడుగుతున్నారు. దాంతో పాటు, ఆల్బంలోకి వచ్చే ఫొటోల రా ఫైళ్లు కూడా డీఎన్‌జీగా మార్చి ఇమ్మని అడగండి. హార్డ్ డిస్క్ మీరే కొనివ్వండి, ఆ పనికి నాలుగు డబ్బులు ఎక్కువివ్వండి. ఆల్బం పక్కనే ఆ డిస్క్‌ను బీరువాలో పెట్టి, మీద పేరు, ఊరు, తేదీ రాయండి.